రాజు మారిన దేశంలో విశ్రాంత జీవితం

ప్రశ్న: నా వయసు 61 సంవత్సరాలు, నా భార్యకు 58. ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసి రిటైరై విశాఖపట్నంలో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి సింగపూర్‌లో స్థిరపడ్డాడు. చాలాకాలంగా సెలవులకు థాయిలాండ్ వెళ్తూ ఉండడం వల్ల, రిటైరయ్యాక హువా హిన్‌లోనో చియాంగ్ మాయ్‌లోనో ఉండిపోవాలని అనుకునేవాళ్లం. 2016లో భూమిబోల్ రాజు చనిపోవడంతో ఆ ఆలోచన పక్కన పెట్టాం. తండ్రికి ఉన్న ప్రజాభిమానం కొడుకుకు లేదని, దేశం అల్లకల్లోలమవుతుందని అప్పట్లో అందరూ అన్నారు. ఇప్పుడు మళ్లీ ఆ కోరిక కలుగుతోంది. పెన్షన్, అద్దెలు కలిపి నెలకు 90 వేల రూపాయలు వస్తాయి. ఫ్లాట్ అమ్మేసి అక్కడ ఇల్లు కొనుక్కోవచ్చా? ఆ దేశాన్ని నమ్ముకుని ముసలితనం గడపవచ్చా? నా భార్య మాత్రం ఇంకా తటపటాయిస్తోంది.

సమాధానం: సింహాసనం మీద ఎవరు ఉన్నారన్నది చూసి ఈ నిర్ణయం తీసుకోవద్దని మొదటే చెబుతున్నాను. ఏడాదికోసారి అనుమతి తెచ్చుకుంటూ, ఆ దేశపు రాజకీయాల గురించి నోరు విప్పకుండా, సొంత నేల అనేది లేకుండా ఇరవై పాతికేళ్లు అతిథులుగా బతకడానికి మీ ఇద్దరికీ సమ్మతమేనా అన్నదే మీరు తేల్చుకోవలసిన ప్రశ్న. ఈ షరతులు పాత రాజు కాలంలోనూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి, రేపు ఇంకొకరు వచ్చినా ఉంటాయి. అయినా మీ భయం అకారణమైనది కాదు కాబట్టి, ముందు దాని సంగతే చూద్దాం.

భూమిబోల్ అదుల్యదేజ్ 1946 జూన్ 9న రాజై, 2016 అక్టోబరు 13న తన 88 ఏళ్ల వయసులో బ్యాంకాక్‌లోని సిరిరాజ్ ఆసుపత్రిలో కన్నుమూశారు. డెబ్బై ఏళ్లు దాటిన పాలన అది. ఆనాటికి థాయిలాండ్ జనాభాలో అత్యధికులకు మరో రాజు ఉన్న కాలమే తెలియదు. చేతిలో మ్యాపు, మెడలో కెమెరాతో కొండ గ్రామాల్లో తిరుగుతున్న ఆయన ఫొటో ఇళ్లలోనూ దుకాణాల్లోనూ కనిపించేది. ఉత్తరాది కొండల్లో నల్లమందు సాగు మాన్పించి పండ్లు, కూరగాయలు పండించేలా చేయడానికి 1969లో మొదలుపెట్టిన రాయల్ ప్రాజెక్టు చియాంగ్ మాయ్ ప్రాంతపు రైతుల బతుకులను మార్చింది. 1992 మేలో సైన్యం వీధుల్లో కాల్పులు జరిపినప్పుడు, ప్రధానమంత్రి సుచిందా, ఉద్యమ నాయకుడు చమ్లాంగ్ ఆయన ముందు నేల మీద కూర్చుని మందలింపు వినడాన్ని దేశమంతా టీవీలో చూసింది. కాల్పులు ఆగాయి, కొద్దిరోజులకే సుచిందా దిగిపోయారు. ఏ పదవి పేరుతోనూ సంక్రమించని ఆ మాట చలామణి ఆయనతోనే పోతుందన్న దిగులు ప్రజలకు ఉండడం సహజం. అలాగని ఆ పాలన అంతా శాంతియుగమని అనుకోకూడదు. 1976లో తమ్మసాత్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఊచకోత జరిగింది ఆయన రాజుగా ఉన్నప్పుడే. 2006, 2014 సైనిక కుట్రలతో సహా ఎన్నో కుట్రలకు రాజముద్ర పడింది కూడా ఆ కాలంలోనే.

ఇక వారసుడు. వజిరలాంగ్‌కార్న్ 1952లో పుట్టారు, 1972లోనే యువరాజుగా ప్రకటితులయ్యారు. మూడు వివాహాలు విడాకులతో ముగియడం, ఏటా ఎక్కువకాలం జర్మనీలోని బవేరియాలో గడపడం, ప్రజల్లో తిరిగే చెల్లెలు సిరింధోర్న్ యువరాణికి ఉన్న ఆదరణ, ఇవన్నీ కలిసి ఆయన పట్ల జనంలో ఒక దూరాన్ని పెంచాయి. తండ్రి పోయాక దుఃఖించడానికి వ్యవధి కావాలని ఆయన కోరగా, ప్రీవీ కౌన్సిల్ అనే రాజు సలహామండలి అధ్యక్షుడు ప్రేమ్ తినసులనోండ తాత్కాలిక రీజెంటుగా, అంటే రాజ ప్రతినిధిగా ఉన్నారు. 2016 డిసెంబరు 1న వజిరలాంగ్‌కార్న్ సింహాసనాన్ని స్వీకరించారు. మీరు విన్న అల్లకల్లోలం జరగలేదు. రాజు ఆరోగ్యం విషమించిందన్న వార్తలకు కుప్పకూలిన బ్యాంకాక్ స్టాక్ మార్కెట్, మరణవార్త వెలువడిన మర్నాడే పుంజుకుంది. జనం నల్లబట్టల కోసం దుకాణాల ముందు బారులు తీరారు, నల్లబట్ట దొరకనివారు ఉన్న బట్టలకే నల్లరంగు వేయించుకున్నారు. ఏడాదిపాటు సంతాపం పాటించి 2017 అక్టోబరు 26న సనమ్ లువాంగ్ మైదానంలో దహన సంస్కారం చేశారు, 2019 మేలో కొత్త రాజుకు పట్టాభిషేకం జరిగింది.

అయితే ఏమీ మారలేదనడం కూడా సరికాదు. 2017లో ఆయన సంతకం చేసిన రాజ్యాంగంలో అంతకుముందు రెఫరెండంలో ప్రజలు ఆమోదించిన పాఠంలో లేని సవరణలు ఉన్నాయి. రాజు విదేశాలకు వెళ్లినప్పుడు రీజెంటును నియమించక తప్పదన్న నిబంధన పోయింది. రాజవంశపు ఆస్తులను చూసే సంస్థ అజమాయిషీ నేరుగా రాజు చేతికి వచ్చింది, 2019లో రెండు సైనిక దళాలు కూడా ఆయన ఆజ్ఞ కిందికి వెళ్లాయి. దీని మీద గూడుకట్టుకున్న అసంతృప్తి 2020లో బయటపడింది. ఆ ఆగస్టు 10న తమ్మసాత్ ప్రాంగణంలో రాజరిక సంస్కరణకు పది డిమాండ్లను విద్యార్థులు బహిరంగంగా చదివారు. అంతకు పదేళ్ల ముందు ఎవరూ ఊహించలేని సంగతి అది. సినిమా హాలులో రాజగీతం మోగినప్పుడు లేచి నిలబడని యువత కనిపించడం మొదలైంది. 2023 ఎన్నికల్లో, రాజును అవమానించడాన్ని నేరంగా చూసే చట్టాన్ని సవరిస్తామన్న మూవ్ ఫార్వర్డ్ పార్టీ 500 స్థానాల్లో 151 గెలిచి మొదటి స్థానంలో నిలిచింది. నియమిత సెనేట్ దాని నాయకుడిని ప్రధాని కానివ్వలేదు, 2024 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ పార్టీనే రద్దు చేసింది. ఆ తర్వాత ఏడాది పైచిలుకులోనే ఇద్దరు ప్రధానులను అదే న్యాయస్థానం పదవి నుంచి తొలగించింది. ఒక ప్రజాస్వామ్యవాదిగా ఈ పరిణామాలు నాకు బాధ కలిగిస్తాయి. ఓటు వేసినవారి తీర్పును ఇలా పదేపదే తోసిపుచ్చడం ఎంతకాలం సాగుతుందోనన్న ఆందోళన ఆ దేశాన్ని ప్రేమించే ఎవరికైనా ఉంటుంది.

కానీ మీరు అడిగినది అక్కడ రిటైరైన విదేశీయుడి బతుకు గురించి. ఈ తొమ్మిది పదేళ్లలో అలాంటివారి మెడకు నిజంగా ఉచ్చు బిగించినవి ఏవో చూస్తే, ఒక్కటి కూడా సింహాసనం నుంచి వచ్చినట్లు కనిపించదు. అవన్నీ కార్యాలయాల ఉత్తర్వులుగా వచ్చాయి. 2019 మార్చి నుంచి వీసా పొడిగింపు కోసం బ్యాంకులో చూపించే డబ్బును తర్వాత కూడా కదపకుండా ఉంచాలన్నారు. అదే ఏడాది అక్టోబరు 31 నుంచి ఓ-ఏ అనే రిటైర్‌మెంట్ వీసాకు ఆరోగ్య బీమా తప్పనిసరి చేసి, తర్వాత ఆ బీమా మొత్తాన్ని 30 లక్షల బాత్‌లకు (బాత్ అక్కడి కరెన్సీ) పెంచారు. 2020లో కోవిడ్ వల్ల సరిహద్దులు మూసినప్పుడు, అక్కడే ఇల్లూ సామానూ ఉండి, చుట్టపుచూపుగా స్వదేశానికి వచ్చిన విదేశీయులు నెలల తరబడి తిరిగి వెళ్లలేకపోయారు. 2024 జనవరి 1 నుంచి, ఏడాదిలో 180 రోజులు గానీ అంతకు మించి గానీ అక్కడ ఉన్నవారు బయటి దేశాల్లో సంపాదించి తెచ్చుకునే ఆదాయం మీద పన్ను నియమాన్ని కఠినం చేశారు. వారసుడికి జనాదరణ ఉన్నా లేకపోయినా ఈ ఉత్తర్వులు వచ్చేవే.

రాజరికం మీ గుమ్మం దాకా వచ్చే దారి ఒక్కటే ఉంది, దాన్ని మాత్రం తేలికగా తీసుకోకండి. థాయ్ శిక్షాస్మృతిలోని 112వ సెక్షన్ ప్రకారం రాజును, రాణిని, వారసుడిని, రీజెంటును అవమానించినా, దూషించినా, బెదిరించినా ఒక్కొక్క నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష పడుతుంది. ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చు. కొత్త రాజు వచ్చిన నెలలోనే, ఆయన జీవితం గురించి బీబీసీ థాయ్ విభాగం రాసిన వ్యాసాన్ని ఫేస్‌బుక్‌లో పంచుకున్నందుకు ఖోన్ కేన్ నగరంలో చదువుతున్న ఒక న్యాయ విద్యార్థిని అరెస్టు చేసి, తర్వాత రెండున్నరేళ్ల శిక్ష వేశారు. ఆ వ్యాసాన్ని అతనితోపాటు వేలమంది పంచుకున్నారు, కేసు మాత్రం అతని మీదే పెట్టారు. 2018 నుంచి రెండేళ్లకు పైగా ఈ సెక్షన్‌ను వాడడం ఆగిపోయి, 2020 నవంబరులో మళ్లీ మొదలైంది. అప్పటినుంచి 270 మందికి పైగా ఈ కేసులను ఎదుర్కొన్నారు. మీ పాత ఉద్యోగపు స్నేహితులు, బంధువులు ఉండే వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఆకతాయిగా పంపే వీడియోను మీరు అక్కడి నుంచి మరొకరికి పంపడం కూడా ఈ చట్టం పరిధిలోకి రావచ్చు.

విదేశీయులకు ఇందులో మినహాయింపు లేదు. చియాంగ్ మాయ్‌లో రాజు చిత్రపటాల మీద రంగు చల్లిన ఒక స్విట్జర్లాండ్ పౌరుడికి 2007లో పదేళ్ల శిక్ష పడింది, రాజు క్షమాభిక్షతో బయటపడి దేశం వదిలి వెళ్లవలసి వచ్చింది. మీరు మరీ ముఖ్యంగా గమనించవలసింది 2025 ఏప్రిల్ నాటి ఉదంతం. మూడు దశాబ్దాలుగా అక్కడే ఉంటూ పిత్సనులోక్‌లోని విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఒక అమెరికన్ అధ్యాపకుడి మీద సైన్యం ఫిర్యాదు చేసింది. కొద్ది వారాలకు ప్రాసిక్యూటర్లు కేసు నడపబోమన్నారు. కానీ ఈలోపే అతని వీసా రద్దయింది, ఉద్యోగం పోయింది, చివరికి దేశం విడిచాడు. నేరం రుజువు కాలేదు, విచారణ కూడా జరగలేదు. అయినా ముప్పై ఏళ్ల కాపురం చెదరిపోవడానికి ఒక ముద్ర కొట్టేస్తే సరిపోయింది. మీరు గంభీరంగా ఆలోచించవలసిన స్థితి ఇదే. మీరు రాజకీయాలు మాట్లాడే మనిషి కాకపోతే అలాంటి ప్రమాదం మీకు చాలా తక్కువ. రోజూ పేపరు చదివి వాదించందే పొద్దుపోని మనస్తత్వం మీదైతే, పదిమందిలో నాలుక కరుచుకుని కూర్చోవడం ఒక నెలకు సరదాగా ఉన్నా ఇరవై ఏళ్లకు ఊపిరాడనివ్వదు.

మరో విషయం కూడా దృష్టిలో ఉంచుకోండి. ఇప్పటి రాజుకు డెబ్బై దాటాయి. మీరు ఎనభై ఐదేళ్ల వరకు అక్కడ ఉంటే ఇంకొక వారసత్వాన్ని కూడా చూస్తారనే అనుకోవాలి. అప్పుడు 2016లో లాగే సంతాప దినాలు, నల్లబట్టలు, మూతపడిన వినోదాలు ఉంటాయి. ఎవరేమన్నా మౌనంగా, మర్యాదగా ఉండడం అప్పుడూ సరిపోతుంది. ఇబ్బంది పెట్టేవి రాజకీయ ఘర్షణలు: 2008 నవంబరులో ఆందోళనకారులు బ్యాంకాక్ విమానాశ్రయాలను ఆక్రమించినప్పుడు వారంపాటు రాకపోకలు ఆగిపోయాయి. 2014 కుట్ర తర్వాత కొన్ని వారాలు రాత్రి కర్ఫ్యూ ఉంది. హువా హిన్‌లో ఉండేవారికి అవి ప్రధానంగా ప్రయాణపు చిక్కులు, అంతకుమించి కావు. మందులు నెలకు సరిపడా ఇంట్లో ఉంచుకోవడం, చేతిలో కొంత నగదు ఉంచుకోవడం చాలు.

ఇప్పుడు మీ లెక్కల దగ్గరకు వద్దాం, నాకు అసలు సందేహం ఇక్కడే ఉంది. రిటైర్‌మెంట్ మీద ఏడాది అనుమతి కావాలంటే 50 ఏళ్లు నిండాలి, థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్‌లు గానీ నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గానీ, లేదా రెండూ కలిపి ఏడాదికి 8 లక్షలు గానీ చూపించాలి. మీ 90 వేల రూపాయలు నేటి మారకంలో 65 వేల బాత్‌లకు చాలా దూరంలో ఉంటాయి, కాబట్టి బ్యాంకు డిపాజిట్టే మీ దారి. అది 20 లక్షల రూపాయల పైమాటే. పొడిగింపుకు రెండు నెలల ముందు నుంచి, వచ్చాక మూడు నెలల దాకా ఆ మొత్తాన్ని ముట్టుకోకూడదు, మిగతా కాలంలోనూ 4 లక్షల బాత్‌లకు తగ్గనివ్వకూడదు. అంటే ఆ డబ్బు మీదే అయినా మీ అవసరానికి పనికొచ్చేది సగమే. మారకం విషయం ఇంకా కలవరపెట్టేది: మీరు మొదట ఈ ఆలోచన మానుకున్న నాటికి బాత్ రెండు రూపాయల లోపే ఉండేది, ఇప్పుడు రెండున్నర దాటింది. మీ పెన్షన్ రూపాయల్లో పెరిగే వేగం, బాత్‌ల్లో పెరిగే మీ ఖర్చుల వేగాన్ని అందుకోదు. రాజు మరణం కన్నా ఈ మారకపు తేడాయే మీ వంటివారిని ఎక్కువ నష్టపరిచింది. చియాంగ్ మాయ్‌లో పొదుపుగా ఇద్దరూ గడుపుకోవచ్చు గానీ, బీమా ప్రీమియం వేసి చూస్తే బొటాబొటి. బీపీ, షుగర్ వంటివి ముందే ఉంటే బీమా కంపెనీలు వాటిని మినహాయిస్తాయి, డెబ్బై దాటాక కొత్త పాలసీ దొరకడమే కష్టం. చియాంగ్ మాయ్‌నే ఎంచుకునేటట్లయితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు కాల్చే పొగ అక్కడ కమ్ముకుంటుందని, ఉబ్బసం ఉన్నవారు ఆ నెలల్లో ఊరు వదిలి వెళ్తారని కూడా తెలుసుకోండి.

దీనికి తోడు కాగితాల పని ఉంటుంది. ప్రతి 90 రోజులకోసారి మీ చిరునామాను ఇమిగ్రేషన్ కార్యాలయానికి తెలియజేయాలి. మనవడి పుట్టినరోజుకు సింగపూర్ వెళ్లాలన్నా బయలుదేరే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, మరచిపోతే మీ ఏడాది అనుమతి రద్దవుతుంది. ఏ చిన్న పనికీ జీతం తీసుకోకూడదు. ఇండియా వైపు చూస్తే, మీరు ఇక్కడి నివాసిగా ఉన్నంతకాలం ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటి బయటికి పంపే మొత్తం మీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే కోస్తారు, అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది గానీ కొన్ని నెలలు చేతికి రాదు. స్థిరంగా అక్కడే ఉంటే మీ బ్యాంకు ఖాతాలను ఎన్‌ఆర్‌ఓ (ప్రవాస భారతీయుల) ఖాతాలుగా మార్చుకోవాలి, పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఏటా ఇవ్వాలి. ఒక్కొక్కటీ చిన్న పనే, కానీ అరవైలో విసుగు కలిగించని పని ఎనభైలో కొండంత అవుతుంది.

ఇల్లు కొనడం సంగతి చెప్పాలంటే, విదేశీయులు అక్కడ భూమి కొనడానికి వీల్లేదు. కాండోమినియంలో ఫ్లాట్ మాత్రం కొనవచ్చు, ఆ భవనం మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకే విదేశీయుల పేర్ల మీద ఉండాలి, డబ్బు విదేశీ మారకంగా బయటినుంచి వచ్చినట్లు బ్యాంకు పత్రం ఉండాలి. తోటతో కూడిన ఇంటిని స్థానికుల పేరు మీద పెట్టి మీరు అనుభవించవచ్చని చెప్పే ఏజెంటు ఎదురైతే అక్కడినుంచి లేచి వచ్చేయండి, అది చట్టవిరుద్ధం. పైగా ఆ ఫ్లాట్ ఉన్నంత మాత్రాన ఉండే హక్కు మీకు రాదు. వీసా పొడిగించకపోతే తాళం వేసి రావలసిందే.

చివరిగా మీ శ్రీమతి తటపటాయింపు గురించి. నన్నడిగితే ఈ ఉత్తరంలో అందరికన్నా ముందుచూపు ఆమెదే. ఆమె మీ మీద ఆధారపడిన భార్యగా వీసా తీసుకుంటే, మీకేదైనా జరిగిన రోజు నుంచే ఆమె అనుమతికి ఆధారం పోతుంది. మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతా కోర్టు ఒక ఆస్తి నిర్వాహకుడిని నియమించేదాకా స్తంభించిపోతుంది. భాష రాని చోట, దుఃఖంలో ఉన్న మనిషి కోర్టు చుట్టూ, ఇమిగ్రేషన్ చుట్టూ తిరగవలసి వస్తుంది. రాజ్యపు వారసత్వం గురించి మీరు ఎంత ఆలోచించారో అంతకన్నా శ్రద్ధగా ఈ వారసత్వాన్ని ఆలోచించండి. వెళ్లేటట్లయితే ఆమెకూ విడిగా 8 లక్షల బాత్‌ల డిపాజిట్, విడిగా ఖాతా, విడిగా రిటైర్‌మెంట్ అనుమతి ఉండాలి. అక్కడి ఆస్తికి అక్కడి చట్టం ప్రకారం వీలునామా రాయించండి. ఈ రెండో డిపాజిట్‌కు మీ దగ్గర సొమ్ము లేకపోతే, ఆ దేశంలో స్థిరపడే స్థోమత ఇంకా రాలేదనే అర్థం.

కాబట్టి విశాఖపట్నం ఫ్లాట్ అమ్మకండి. దాన్ని అద్దెకు కూడా ఇవ్వకుండా తాళం వేసి, ఈ శీతాకాలంలో మూడు నెలలు హువా హిన్‌లో అద్దెకు ఉండి రండి. మార్కెట్‌కు, ఆసుపత్రికి, బ్యాంకుకు మీ శ్రీమతిని ఒంటరిగా వెళ్లి పనులు చక్కబెట్టుకోమనండి. రాజవంశం గురించి అక్కడివారు ఎవరైనా మాట్లాడితే విని ఊరుకోవడం మీకు ఎంత సులువుగా వస్తుందో కూడా చూసుకోండి. వచ్చే ఏడాది వానాకాలంలో మరో మూడు నెలలు వెళ్లి రండి. ఆ తర్వాత కూడా ఆమె "సరే" అంటేనే డిపాజిట్ సంగతి ఆలోచించండి. లేదంటే ఏటా శీతాకాలం అక్కడ, మిగతాది ఇక్కడ గడపవచ్చు, 180 రోజులు నిండనంతవరకు అక్కడి పన్ను నివాసి కూడా కారు, మీ ఆరోగ్య బీమా, మీ డాక్టరు, మీ ఇల్లు ఇక్కడే ఉంటాయి. మీ ఆదాయానికి నాకు సబబుగా తోచేది ఈ రెండో దారే.